సమ్మక్క పేరు పట్టని గడి

2018 మార్చిలో ఒక మధ్యాహ్నం, వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులోని మా మేనమామ అడ్తి (రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్) దుకాణంలో నేను కూర్చుని ఉండగానే, నేను రాసిచ్చిన ప్రోగ్రాము ఒక రైతు పేరును తీసుకోవడానికి ఒప్పుకోలేదు. ఆమె పేరు సమ్మక్క. అంతకు కొద్ది నిమిషాల ముందే సారక్క అనే మరో రైతు పేరు మీద తక్‌పట్టీ ఏ అడ్డంకీ లేకుండా అచ్చయి వచ్చింది. తక్‌పట్టీ అంటే రైతు తెచ్చిన సరుకు తూకం, పలికిన ధర, హమాలీ, దడువాయి (తూకం వేసేవారి) ఖర్చులు, చివరికి చేతికి రావలసిన మొత్తం రాసి ఇచ్చే చీటీ. గుమస్తా ఆ పేరును రెండుసార్లు టైపు చేసి చూసి, మూడోసారి నన్ను పిలిచి, "సార్, సారక్కను తీసుకుంటది గని సమ్మక్కను తీసుకుంటలేదు" అన్నాడు. మేడారం జాతర ముగిసి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. తెరపై నా ప్రోగ్రాము చూపిస్తున్న మాట "పేరు సరిగా లేదు" అని.

రెండు పేర్లూ మూడక్షరాలవే: సా-ర-క్క, స-మ్మ-క్క. కాని కంప్యూటరు మన అక్షరాన్ని మనం పలికినట్టు లెక్కపెట్టదు. అన్ని భాషల లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో హల్లుకు ఒక సంకేతం, గుణింతపు గుర్తుకు ఒక సంకేతం, ఒత్తును కలిపే పొల్లుకు మరొక సంకేతం ఉంటాయి. ఆ లెక్కన సారక్కలో ఆరు సంకేతాలు, సమ్మక్కలో ఏడు. ఆ సంకేతాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్ల చోటు తీసుకుంటుంది కనుక మొదటి పేరు 18 బైట్లు, రెండవది 21. నేను పేరు కోసం కేటాయించిన గడి పరిమాణం 20. కళాశాల లాబ్‌లో ఒరాకిల్ అనే డేటాబేస్ (సమాచారాన్ని పట్టికలుగా దాచే సాఫ్ట్‌వేర్) మీద టేబుల్ తయారుచేసిన ప్రతిసారీ పేరు దగ్గర వార్‌చార్2(20) అని రాయడం మాకందరికీ చేతికి అలవాటైన పని, ఆ ఇరవై అంటే ఇరవై అక్షరాలని నేను అనుకున్నాను. వేరుగా చెప్పకపోతే ఒరాకిల్ దాన్ని ఇరవై బైట్లుగా తీసుకుంటుంది. నిజానికి డేటాబేస్ తన ఓఆర్‌ఏ-12899 సందేశంలో వచ్చినది 21, పట్టేది 20 అని అంకెలతో సహా చెప్పింది. ఆ సందేశాన్ని మధ్యలోనే మింగేసి, తప్పును సమ్మక్క పేరు మీదికి నెట్టింది నేను రాసిన నాలుగు వరుసల కోడ్.

దిద్దడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాల గురించి నేను ఏడేళ్లకు పైగా ఆలోచిస్తున్నాను. యూనికోడ్ గురించి నేను చదవలేదని కాదు. చదివాను, రెండు మార్కుల ప్రశ్నకు జవాబు కూడా రాశాను. తెలుగు యూనికోడ్‌లో 1991 నాటి మొదటి కూర్పు నుంచే ఉందని కూడా నాకు తెలుసు. తెలిసిన ఆ సంగతి, ఎండలో పసుపు బస్తాల పక్కన నిలబడి చీటీ కోసం ఎదురుచూస్తున్న ఒక మనిషికి సంబంధించినదని మాత్రం ఆ రోజే తెలిసింది.

హన్మకొండలో ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: కంప్యూటర్ సైన్స్ డిగ్రీ సరిపోతుందా, ఇంకేమైనా నేర్చుకోవాలా? ఈ ప్రశ్నకు మన ఊళ్లలో రెండు జవాబులు తయారుగా ఉన్నాయి. మంచి శాతం తెచ్చుకుని, ప్రాంగణ నియామకాల్లో ఉద్యోగం సంపాదిస్తే మిగతాది కంపెనీయే నేర్పుతుందనేది మొదటిది. డిగ్రీ కాగితం మాత్రమే, అసలు చదువు హైదరాబాద్ అమీర్‌పేటలో మూడు నెలల కోర్సులోనో, యూట్యూబ్‌లోనో ఉందనేది రెండవది. ఈ రెండింటిలోనూ ఒకే పొరపాటు ఉందని నా అభిప్రాయం. రెండూ నేర్చుకోవడమంటే ఎవరో చెప్పినదాన్ని పూర్తిచేయడమనే అనుకుంటున్నాయి, ఒకటి సిలబస్‌ను, మరొకటి కోర్సును. సాఫ్ట్‌వేర్ తయారుచేయడం నేర్చుకోవాలంటే ఒక చిన్న ప్రోగ్రామును, దానిని నిజంగా వాడుకునే ఒక మనిషి కోసం, కొన్నేళ్లపాటు సాకాలి. పిల్లలను సాకినట్టు, గొడ్లను సాకినట్టు అనే అర్థంలోనే ఈ మాట వాడుతున్నాను. రాయడం ఒక వారంలో అయిపోతుంది, సాకడం మొదలయ్యేది ఆ తరువాతే.

దీనర్థం డిగ్రీ వృథా అని కాదు. ఆ మాట అనేవారితో నేను గట్టిగా విభేదిస్తాను. మా మామ దుకాణంలో రెండు సీజన్లు గడిచేసరికి పాత చీటీని వెతకడానికి ప్రోగ్రాము చాలా సేపు తీసుకోసాగింది. కంప్యూటరు పాతబడిందని, కొత్తది కొనాలని దుకాణంలో అందరూ నిర్ణయానికి వచ్చారు. నేను చూసింది వేరు. రైతు పేరుతో వెతికిన ప్రతిసారీ డేటాబేస్ మొదటి చీటీ నుంచి చివరి చీటీ దాకా ఒక్కొక్కటే చదువుకుంటూ పోతోంది. మూడో సంవత్సరంలో మా అధ్యాపకురాలు నల్లబల్ల మీద బీ-ట్రీ (వెతుకులాటను తగ్గించే కొమ్మల అమరిక) బొమ్మ వేసి, లక్ష వరుసల్లో ఒకదాన్ని వెతకడానికి ఎన్ని అడుగులు పడతాయో మా చేత లెక్క కట్టించిన రోజు నాకు గుర్తొచ్చింది. ఒక్క వరుస కోడ్‌తో ఇండెక్స్ (పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది) ఏర్పరచాను, కొత్త కంప్యూటరు అవసరం పడలేదు. మూడు నెలల కోర్సులో ఇండెక్స్ ఎలా ఏర్పరచాలో చెబుతారు. అది ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో తెలియాలంటే ఆ బొమ్మ కావాలి. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి వెతికే తన పద్ధతిని ప్రచురించింది 1959లో, కాజీపేట దగ్గర మన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకు, అంటే ఇప్పటి నిట్‌కు, పునాదిరాయి పడిన సంవత్సరమే. సమాచారాన్ని పట్టికలుగా అమర్చే రిలేషనల్ నమూనాను కాడ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించింది 1970లో. ఇంతకాలం నిలిచిన విషయాలను ఓపికగా కూర్చోబెట్టి నేర్పే చోటు డిగ్రీ తప్ప మనలాంటి వారికి మరొకటి లేదు.

అయితే డిగ్రీలో నేర్చుకున్నది ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి ట్రాన్సాక్షన్ల అధ్యాయం కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఒక ఖాతాలో డబ్బు తగ్గి మరొక ఖాతాలో పెరగాలి, రెండూ జరగాలి లేదా రెండూ జరగకూడదు అనే బ్యాంకు ఉదాహరణను ఈ దేశంలో కంప్యూటర్ సైన్స్ చదివినవారు రాయకుండా బయటపడి ఉండరు. నేనూ రాశాను, మంచి మార్కులే వచ్చాయి. ఆ తరువాత మామ దుకాణానికి రాసిన ప్రోగ్రాములో చీటీని ఒక టేబుల్‌లోకి, రైతుకు చెల్లించవలసిన మొత్తాన్ని మరొక టేబుల్‌లోకి వరుసగా రెండు ఆదేశాలతో పంపాను. జావా భాషలో రాసిన ప్రోగ్రాము నుంచి డేటాబేస్‌తో మాట్లాడేటప్పుడు, మనం వద్దని చెప్పకపోతే, ప్రతి ఆదేశమూ దేనికది అక్కడికక్కడే ఖరారైపోతుందని నాకు తెలియదు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోయింది. చీటీ నమోదైంది, చెల్లింపు నమోదు కాలేదు. రాత్రి తొమ్మిదింటికి గుమస్తా రోజు లెక్క కడితే పొంతన కుదరలేదు. ఆయన అలవాటుగా పక్కన ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో కూడా రాసుకుంటున్నాడు కనుక తేడా ఎక్కడుందో గంటలో దొరికింది. ఆ పుస్తకం లేకపోతే ఒక రైతు డబ్బు నా ప్రోగ్రాము లోపల పోయి ఉండేది. పరీక్షలో నేను నిర్వచించిన పదమే, నా చేతి కిందే, నేను గుర్తుపట్టలేని రూపంలో జరిగింది. దాన్ని నేర్పినది సబ్జెక్టు అనాలా, గాలిదుమారం అనాలా, ఆ గుమస్తా అనాలా అంటే, మూడూ లేకుండా అది నాకు వచ్చేది కాదు.

ఇంకొక సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరికేది కాదు. ఒక రైతు పసుపును మూడు కుప్పలుగా తూచారు: 4.123, 2.876, 3.519 క్వింటాళ్లు. ధర క్వింటాలుకు 7,150 రూపాయలు. కుప్పల విలువలు వరుసగా 29,479.45, 20,563.40, 25,160.85 రూపాయలు. చీటీ మీద చోటు తక్కువని నేను ప్రతి కుప్ప ఎదురుగా పైసలు తీసేసి దగ్గరి రూపాయికి సవరించి అచ్చు వేశాను: 29,479, 20,563, 25,161. కింద మొత్తం మాత్రం పైసలతో సహా కూడి, 75,203.70ని సవరించి 75,204గా వేశాను. రైతు ఆ మూడు అంకెలను అక్కడే వేళ్ల మీద కూడుకుని 75,203 వస్తుందని, కింద ఇంకో సంఖ్య ఎందుకుందని అడిగాడు. తనకు రూపాయి ఎక్కువే వస్తున్నా అడిగాడు. నేను నా లెక్క సరైనదేనని వివరించబోతుంటే మామ అడ్డుపడి, "రూపాయి ఎవ్వలిదన్నది కాదు అల్లుడూ, చీటీ మీద కూడితే రావాలె" అన్నాడు.

నా లెక్కలో గణితం తప్పు లేదు, అయినా చీటీ తప్పు. రైతు చేతిలోకి వెళ్లే కాగితం తనంతట తాను సరిచూసుకోగలిగేదిగా ఉండాలన్నది ఆ వ్యాపారంలో నమ్మకం నిలబెట్టే నియమం, అది నాకు ఎవరూ రాసివ్వలేదు. గుమస్తాను అడిగితే కాగితం మీద రాసే రోజుల్లో ప్రతి కుప్ప పక్కన పైసలు కూడా రాసి, అన్నీ కూడాక చివర ఒక్కసారే రూపాయికి సవరించి, ఆ సవరణను విడిగా ఒక వరుసలో చూపేవాడినని చెప్పాడు. అదే పెట్టాను. దానితోపాటు డబ్బును దశాంశాలతో కాక పైసల్లో పూర్ణసంఖ్యగా దాచడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. 0.1ని 0.2తో కూడితే 0.30000000000000004 వచ్చే సంగతి మొదటి సంవత్సరంలో లాబ్‌లో చూసి ఆశ్చర్యపోయి వదిలేశాము, అది ఎవరి డబ్బుకు తగులుతుందో ఆలోచించలేదు.

డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో ఒక వ్యాసంలో చేసిన వాదన నాకు ఈ అనుభవాల తరువాత చదివినప్పుడే అర్థమైంది. ప్రోగ్రామంటే కోడ్ మాత్రమే కాదు, లోకంలోని ఏ వ్యవహారాన్ని ఆ కోడ్ పట్టుకుందో, ఎందుకు అలాగే పట్టుకుందో తయారుచేసినవారి మనసులో ఏర్పడే అవగాహనే అసలు ప్రోగ్రామని, ఆ అవగాహన ఉన్నవారు వెళ్లిపోతే కోడ్ మిగిలినా ప్రోగ్రాము బతకదని ఆయన చెప్పాడు. మన పల్లెల్లో చెరువు సంగతి తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప చెరువులు ఇంతకాలం నిలిచాయంటే కట్టించినవారి గొప్పతనం ఒక్కటే కారణం కాదు. ఏ తూము ఎప్పుడు తెరవాలో, మత్తడి (అలుగు) ఎంత ఎత్తులో దుంకితే కట్టకు ప్రమాదమో తెలిసిన నీరటివాళ్లు తరం తరువాత తరం ఉన్నారు. పూడిక తీయడం మానేసిన చోట చెరువు పటంలో ఉన్నా నీళ్లు లేవు.

మన డిగ్రీలో ఈ సాకడానికి చోటు లేదు. ప్రతి లాబ్ ప్రోగ్రామూ వైవా అయిన రోజుతో చచ్చిపోతుంది. రికార్డులో అతికించాక దానిని మళ్లీ ఎవరూ నడపరు. నేను చదివిన కళాశాలలో మా తరగతిలో చాలామంది చివరి సంవత్సరం ప్రాజెక్టును హైదరాబాద్‌లో డబ్బిచ్చి కొనుక్కొచ్చారు, కొందరికి దాన్ని కంప్యూటరులో ఎక్కించడం కూడా రాలేదు. నేను వాళ్లను తప్పుపట్టను. ఎవరూ వాడని, ఎవరూ అడగని, మూల్యాంకనం తరువాత బీరువాలో పడి ఉండే వస్తువును సొంతంగా చేయడానికి మనసు రావడం కష్టం. ఆ ప్రాజెక్టు ఇంటి పక్క మెడికల్ షాపులో మరుసటి నెల కూడా నడవాలన్న షరతు ఒక్కటి ఉంటే, కొనుక్కొచ్చేవారి సంఖ్య దానంతట అదే తగ్గేదని నా నమ్మకం.

పనిముట్ల సంగతి వేరు, అవి త్వరగానే వస్తాయి. లినక్స్ తయారుచేసిన లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో, కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుంచుకునే గిట్ అనే పనిముట్టును మొదలుపెట్టాడు. నేను అంతకు పదకొండేళ్ల తరువాత పట్టా తీసుకునేటప్పటికి ఒక్కసారి కూడా దాన్ని వాడి ఎరగను, ఫైనల్, ఫైనల్-2 అని ఫోల్డర్లు పెట్టుకునేవాడిని. ఈ కొరత మన దగ్గర మాత్రమే ఉందనుకుంటే పొరపాటు. అమెరికాలోని ఎంఐటీలో 2020 జనవరిలో కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసి కంప్యూటరును నడపడం), ఎడిటర్, గిట్, దోషాలు వెతికే పద్ధతులు వంటివి నేర్పే ఒక చిన్న కోర్సును, తప్పిపోయిన సెమిస్టర్ అనే అర్థం వచ్చే పేరుతోనే నడిపి, పాఠాలను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. ఒక నెల శ్రద్ధగా కూర్చుంటే ఆ పాఠాలు హన్మకొండ హాస్టల్ గదిలోనూ అర్థమవుతాయి. కాని గిట్ ఎందుకు కావాలో తెలియాలంటే, గత జనవరిలో సరిగ్గా పనిచేసినది ఈ జనవరిలో ఎందుకు పనిచేయడం లేదని ఎవరో ఒకరు మన ముఖం మీద అడగాలి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది నిజమైనది. అందరికీ ఎనుమాములలో మేనమామ ఉండడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతూ, సాయంత్రం ఆరు దాటితే హాస్టల్ గేటు మూసేసే చోట ఉండే ఆడపిల్లను దుకాణాల చుట్టూ తిరగమని నేను ఎలా చెప్పగలను? అప్పుచేసి చదివిస్తున్న ఇంట్లో కొడుకు రెండేళ్లు ఉచితంగా ఎవరికో ప్రోగ్రాము సాకుతానంటే తల్లిదండ్రులు భయపడడం న్యాయమే. అందుకే దుకాణం తప్పనిసరి అని నేను అనను. తప్పనిసరి ఏమిటంటే, రేపు కూడా తిరిగివచ్చి అడిగే ఒక మనిషి. హాస్టల్ మెస్ లెక్కలు రాసే వార్డెన్ కావచ్చు, ఊళ్లో పాల కేంద్రం నడిపే పెదనాన్న కావచ్చు, వరంగల్ కొత్తవాడలో దర్రీలు (జంపఖానాలు) నేసే ఇంట్లో నూలు ఎంత తెచ్చారో, ఎన్ని దర్రీలు ఇచ్చారో నోటుబుక్కులో రాసుకునే స్నేహితురాలి తల్లి కావచ్చు. అదీ కుదరకపోతే, ఎప్పటినుంచో నడుస్తున్న ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఎంచుకుని అందులో ఒక చిన్న లోపం దిద్దడానికి ఆరు నెలలు పెట్టవచ్చు. మ కింద మ ఒత్తు తెరపై సరిగ్గా కూర్చునేలా చేసే హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, క్రోమ్‌లోనూ, లిబ్రేఆఫీస్‌లోనూ ఉంది, దాని కోడ్ ఎవరైనా తెరిచి చదవవచ్చు. ఇతరులు రాసిన కోడ్‌ను వారాల తరబడి చదవడం ఏ సెమిస్టర్‌లోనూ లేదు, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచి చేయవలసింది మాత్రం అదే.

ఇప్పుడు చాట్‌జీపీటీ వంటివి వచ్చాక ఇదంతా అవసరమా అని పిల్లలు అడుగుతున్నారు. నేను కూడా రోజూ వాటిని వాడుతున్నాను. మామ దుకాణపు ప్రోగ్రాము మొదటి రూపం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఈ రోజు అది ఒక పూట పని. కాని గాలిదుమారం వచ్చిన రాత్రి జవాబు చెప్పవలసినవాడిని నేనే. చీటీ మీద కూడితే రావాలన్న సంగతి ఆ యంత్రాన్ని అడగాలని తట్టాలంటే ముందు అది నాకు తెలిసి ఉండాలి. రాసే పని సులువైన కొద్దీ సాకే పని బరువు పెరుగుతుందని నాకు అనిపిస్తోంది.

రెండేళ్లుగా ఆ ప్రోగ్రామును గుమస్తా కూతురు చూసుకుంటోంది. ఇక్కడే ఒక ఇంజినీరింగ్ కళాశాలలో మూడో సంవత్సరం చదువుతోంది. మొదట్లో నేను ఆమెకు కోడ్ ఇచ్చి, ఏమీ మార్చకుండా నెల రోజులు చదవమన్నాను. పదిహేను రోజులకు ఫోన్ చేసి, చీటీలో బస్తాల సంఖ్య ఒకటి అయితే హమాలీ సున్నా వేయమని ఒక షరతు ఉందని, అది ఎందుకుందో ఎక్కడా రాసి లేదని, తీసేయవచ్చా అని అడిగింది. నేను తెరిచి చూశాను. ఆ వరుసలు నేను 2018లో రాసినవే, గిట్‌లో నా పేరే ఉంది, ఎదురుగా "తరువాత చూడాలి" అని మాత్రం ఉంది. ఎంత ఆలోచించినా నాకు గుర్తుకు రాలేదు. తీయవద్దని, మీ నాన్ననే అడగమని చెప్పాను.

రాత్రి అన్నం తినేటప్పుడు అడిగిందట. "ఒక్క బస్తనైతే రైతే దించుకుంటడు బిడ్డా, దానికి హమాలీ ఎట్ల రాస్తం?" అన్నాడట ఆయన. మరునాడు ఆమె నా "తరువాత చూడాలి"ని చెరిపేసి, ఆ షరతు పైన తండ్రి అన్న మాటను ఆయన అన్నట్టే తెలుగులో రాసి పెట్టింది.